బీయే బావి

ఆ రోజుల్లో మా వైపు బీయే చదివే కుర్రవాడంటే వానాకాలం మబ్బుతో సమానం. అందరూ తలెత్తి చూసేవారు, ఎప్పుడో ఒకప్పుడు కురుస్తాడని ఆశపడేవారు, కురవకుండా వెళ్ళిపోతే పెద్దగా ఆశ్చర్యపోయేవారు కాదు. మబ్బుల దగ్గర మా వాళ్ళకు ఆ అలవాటు ముందునుంచీ ఉంది. నేనూ అలాంటి మబ్బునే. కాకపోతే మిగతావాటికంటే కాస్త ఎక్కువ ఉరిమిన మబ్బును. ఈ విశ్వం దేనితో తయారైంది, ప్రకృతి అంటే ఏమిటి, మనసు ఎక్కడ ఉంటుంది అనే ప్రశ్నలన్నిటికీ పందొమ్మిదేళ్ళ వయసులో నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. అడిగినవాళ్ళకీ చెప్పేవాణ్ణి, అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి. అందులో ఒక జవాబు పుణ్యమా అని మా చేలో ఇప్పటికీ ఒక పెద్ద గొయ్యి ఉంది. ఈ కథ ఆ గొయ్యిది.

నేను తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణం జ్ఞానతృష్ణ అని చాలాకాలం చెప్పుకు తిరిగాను. అసలు కారణం అనంతపురం ఎండ. మా కాలేజీలో ఎకనామిక్సు రేకుల షెడ్డులో చెప్పేవారు. చరిత్ర క్లాసు పడమటి గోడ పక్కన. మధ్యాహ్నం రెండు దాటితే ఆ గోడ మీద రొట్టె కాల్చుకోవచ్చు. ఫిలాసఫీ ఒక్కటే పాత రాతి కట్టడంలో, మందపాటి గోడల మధ్య, కిటికీకి అడ్డంగా వేపచెట్టున్న గదిలో జరిగేది. హాస్టల్లో నాకంటే రెండేళ్ళు పెద్దవాడొకడు మొదటి రోజే చెప్పాడు: "ఏమప్పా, ఉడికిపోవాలని ఉంటే ఎకనామిక్సు తీసుకో. సల్లగా కూసోని కునికే యోగముంటే ఫిలాసఫీ తీసుకో." అలా నేను నీడ వెదుక్కుంటూ జ్ఞానంలోకి ప్రవేశించాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మా లెక్చరరు కృష్ణా కాలువల కింద పుట్టి పెరిగిన మనిషి. మంచివాడే గానీ మా జిల్లాకు బదిలీ చేసిన ప్రభుత్వాన్ని క్షమించలేకపోయాడు. మేజా మీద మూడు గ్లాసుల నీళ్ళు పెట్టుకుని పాఠం చెప్పేవాడు. మొదటి రోజు మొదటి గ్లాసు తాగి మొదలుపెట్టాడు. "రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో ఒక మహానుభావుడు, ప్రపంచంలోని సమస్త పదార్థాలకూ మూలం నీరే అన్నాడు. ఎంత చక్కని ఆలోచన! మీరే ఒకసారి కిటికీలోంచి చూడండి. ఏం కనిపిస్తోంది?" మేము చూశాం. ఎర్రమట్టి సుడిగాలి ఒకటి లేచింది. పామిడి నుంచి వచ్చినవాడొకడు, పెన్న ఒడ్డునే పుట్టినా ఏటిలో ఇసుక తప్ప ఎరగనివాడు, లేచి నిలబడి వినయంగా, "సార్, గాడిద" అన్నాడు. లెక్చరరు రెండో గ్లాసు తాగాడు.

అయినా ఆ మాట నా బుర్రకెక్కింది. నీళ్ళంటే ఏమిటో సరిగ్గా ఎరగనివాడికి 'అంతా నీళ్ళే' అనే మాట ఎంత రుచిగా ఉంటుందో కాలువల పక్కనున్నవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఆ తరువాత ఏడాది పొడుగునా నిప్పే మూలమన్నవాడూ, అంతా మారిపోతూ ఉంటుందన్నవాడూ, ఏదీ మారదన్నవాడూ, పరమాణువులన్నవాడూ వరసగా వచ్చిపోయారు. మనవైపునుంచి సాంఖ్యులు, వైశేషికులు, బౌద్ధులు, కంటికి కనిపించినదే నిజమన్న చార్వాకులు వచ్చారు. చివరికి, చూసేవాడి మనసులో తప్ప వస్తువు ఎక్కడా లేదన్న ఒక తెల్లదొర కూడా వచ్చాడు. ఒక్కొక్క వారం ఒక్కొక్కరిని నమ్మాను. చెనిక్కాయల (వేరుశనగల) ఊరిబిండి పచ్చడి, కొర్రన్నం తిని పెరిగిన నోటితో 'సత్యమనగా' అని మొదలుపెట్టి మాట్లాడటం నేర్చుకున్నాను. అలా ఒక ఏడాది చదువు నిండా నింపుకుని, వేసవి సెలవులకు కంబదూరు దగ్గర ఉన్న మా ఊళ్ళో బస్సు దిగాను.

అప్పటికి మూడేళ్ళుగా సరైన వాన లేదు. మాకున్న చేనంతా వానను నమ్ముకున్నదే. ఆ ఏడు నాయన ఒక నిర్ణయానికి వచ్చాడు. చేలో బావి తవ్వించాలి. నీళ్ళు పడితే కపిల కట్టి (తోలు బొక్కెనను ఎద్దులతో లాగించడాన్ని మేము అలా అంటాం) ఒక చిన్న మడి తడుపుకుని ఇంటికి చాలినంత రాగులు పండించుకోవచ్చు. పడకపోతే ఎద్దుల్ని అమ్మి, కోతల కాలానికి అమ్మతో సహా కన్నడసీమకు కూలికి పోవాలి. దాన్ని మావాళ్ళు 'సుగ్గికి పోవడం' అంటారు. మాటలో పండగలా వినిపిస్తుంది గానీ, ఒకళ్ళ చేలో వంగి, ఇంకొకళ్ళ పశువుల కొట్టంలో పడుకునే బతుకు అది. మా ఊళ్ళో చాలామంది పోయేవారు. మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ పోలేదు. నాయనకు అదొక్కటే పట్టుదల. పైకి మాత్రం ఒక్కమాటే అన్నాడు. "ఈ తూరి నీళ్ళు పడితే ఈడ ఉంటాం. లేకుంటే లేదు."

నీళ్ళున్న చోటు చూపించడానికి టెంకాయ తాతను పిలిపించాడు. బక్కపలచని ముసలాయన, ఆ చుట్టుపక్కల ఎవరు బావి తవ్వినా ఆయనే రావాలి. తెల్లవారేసరికి పరగడుపున వచ్చేవాడు, చెప్పులు గట్టున విడిచేవాడు, అరచేతిలో పీచు తీసిన టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవాడు. నేలలో నీళ్ళున్న చోట టెంకాయ తనంతట తాను లేచి నిలబడుతుంది. ఆయన నడుస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ అడ్డం రాకూడదు. కూలి అడిగేవాడు కాదు. ఆ టెంకాయా, ఒక పూట ముద్దా, అంతే. ఆయన చూపించిన బావుల్లో సగం నీళ్ళు పడ్డాయి, సగం పడలేదు. పడినవాళ్ళు ఆయన పేరు చెప్పుకునేవారు, పడనివాళ్ళు తమ రాత అనుకునేవారు. అందువల్ల ఆయనకు ఎప్పుడూ మచ్చ రాలేదు. (మా లెక్చరరు చెప్పిన తత్వవేత్తల్లో చాలామంది కీర్తి కూడా ఇదే పద్ధతిలో నిలబడిందని నాకు తరువాత అర్థమైంది.)

ఆ రోజు తాత చేనంతా తిరిగాడు. పడమటి గట్టు దగ్గర టెంకాయ కదల్లేదు. బండ పక్కన కదల్లేదు. తూర్పు మూలకు వచ్చేసరికి లేచి నిలబడింది. నాకు ఆ మూల బొత్తిగా నచ్చలేదు. ఎందుకంటే ఆ మూలన మా కానుగమాను ఉంది. చేను మొత్తానికి ఉన్న నీడ అదొక్కటే. చైత్రంలో లోకమంతా మాడిపోతుంటే కానుగ ఒక్కటే లేత ఆకు వేసుకుని నిగనిగలాడుతూ ఉంటుంది. దాని కింద నులకమంచం వాల్చుకుని, గుండెల మీద పుస్తకం పెట్టుకుని, విశ్వరహస్యాల మధ్య నిద్రపోవడం నా సెలవుల కార్యక్రమం. టెంకాయ లేచిన చోటు మానుకు సరిగ్గా రెండు బారల దూరం. దిగుడు బావంటే ఇంటంత వెడల్పు తవ్వుతారు. మానును కొట్టక తప్పదు. తాత కాలి బొటనవేలితో గీత గీసి, "ఈడ" అన్నాడు. బావులు తవ్వే మేస్త్రి, ఊరంతా గడ్డపారన్న అని పిలిచే మనిషి, మాను మొదలు వైపు చూసి, "గొడ్డలి కూడా తెస్తా" అన్నాడు.

నాలో ఉన్న సమస్త గ్రీకు దేశమూ లేచి నిలబడింది. "నా మంచం పోతుంది" అని చెప్పడానికి సిగ్గేసింది. బీయే చదివేవాడు అలా అనకూడదు. ప్రమాణాలు అడగాలి.

"తాతా, ఈడ నీళ్ళుండాయని నీకెట్ల తెలుసు?"

"టెంకాయ లేసింది గదప్పా."

"టెంకాయ లేయడానికీ నీళ్ళు ఉండడానికీ ఏం సంబంధం? కంటితో చూసినావా? పొగను చూసి నిప్పుందని చెప్పినట్ల ఊహించినావా? ఎవరైనా పెద్దలు చెప్పినారా? ఈ మూడింటిలో ఏది?"

తాత నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, నా మీద జాలి మాత్రం ఉంది. "నాకేం తెల్సప్పా. నేను మోసేవాన్ని. ఇదో, దీన్నే అడుగు" అని టెంకాయ నా చేతికిచ్చాడు. గడ్డపారన్న పక్కకు తిరిగి తుండుగుడ్డతో నోరు మూసుకున్నాడు. నేను ఆ టెంకాయ పట్టుకుని వాదంలో గెలిచానని అనుకున్నాను. తాత రాగిముద్ద తిని, నా చేతిలోంచి టెంకాయ తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

తరువాత నాయన మీద పడ్డాను. నీళ్ళు ఒకచోట ఉండి ఒకచోట లేకపోవడమన్నది అజ్ఞానుల మాట అన్నాను. సమస్తానికీ మూలం నీరేననీ, మట్టి కూడా గట్టిపడిన నీరేననీ, కాబట్టి ఎక్కడ తవ్వినా ఒకటేననీ, అలాంటప్పుడు బతికున్న చెట్టును కొట్టడం అనవసరమనీ, పడమటి గట్టు దగ్గర తవ్వితే ఇంటికి కూడా దగ్గరనీ చెప్పాను. నాయన బీడీ ఆరిపోయేదాకా విన్నాడు.

"ఎవురు చెప్పినారు, అంతా నీళ్ళేనని?"

"గ్రీకు దేశంలో ఒక మహానుభావుడు, నాయనా."

"ఆయప్ప ఊరు యాడ?"

"సముద్రం ఒడ్డున."

"అట్ల చెప్పు. సముద్రం ఒడ్డున కూసున్నోనికి అంతా నీళ్ళే కనపడతాయి. కంబదూరులో పుట్టింటే అంతా రాయే అంటాండె."

 (ఆ ఏడాదంతా నేను విన్న పాఠాల్లో ఇంత సూటిగా ఒక తత్వవేత్తను పడగొట్టిన వాక్యం మరొకటి లేదు. అది చదువురాని మా నాయన నోటినుంచి రావడం నాకు అప్పట్లో చిన్నతనంగా తోచింది.) నేను గొంతు పెంచి, సత్యానికి ఊరూ పేరూ ఉండవని చెప్పాను. నాయన నా చేతిలో పుస్తకం చూశాడు. మాను కింద మంచం చూశాడు. తల గోక్కున్నాడు. మర్నాడు పొద్దున గడ్డపారన్న గొడ్డలితో సహా వస్తే, "గొడ్డలి ఇంట్లో పెట్టిరాపో. పడమటి గట్టు కాడ తవ్వుదాం" అన్నాడు. నా తర్కానికి నాయన తలవంచాడని, పాశ్చాత్య తత్వం కంబదూరు నేల మీద తొలి విజయం సాధించిందని, ఆ మధ్యాహ్నం కానుగ నీడలో పడుకుని పొంగిపోయాను.

తవ్వకం మొదలైంది. మొదటి నాలుగు రోజులు ఎర్రమట్టి, పని సులువుగా సాగింది. గట్టు మీద నిలబడి నేను నీటి సిద్ధాంతం వివరిస్తూ ఉండేవాణ్ణి. నిలువెత్తు లోతు దాటాక రాళ్ళు కలిసిన గరుసు వచ్చింది. తడి అన్నది లేదు. గడ్డపారన్న కిందనుంచి తలెత్తి, "ఏమప్పా బీయే, మీ గ్రీకాయప్ప ఇంగా రాలేదు" అన్నాడు. అప్పటికి నేను రెండో తత్వవేత్తకు మారాను. అంతా నిరంతరం మారిపోతూ ఉంటుందనీ, ఈ రోజు గరుసు రేపు గరుసు కాదనీ చెప్పాను. ఆ మాట నిజమే అయింది. రెండు రోజుల తరువాత అది గరుసు కాదు, బండ. ఆ బండకు సమ్మెటతో బెజ్జాలు కొట్టి, మందు కూరి, పేల్చడం మొదలుపెట్టారు. పేల్చిన ప్రతిసారీ ఊరి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని ఆడవాళ్ళు అమ్మ మీద పోట్లాటకు వచ్చేవారు. నేను పరమాణువాదంలోకి దిగి, బండలో కూడా కణాల మధ్య శూన్యముంటుందనీ ఆ శూన్యంలో నీటికి చోటుందనీ చెప్పాను. పనివాళ్ళు సమ్మెట ఆపి శ్రద్ధగా వినేవారు. వాళ్ళకు తత్వం మీద మక్కువని అనుకున్నాను. నేను మాట్లాడుతున్నంతసేపూ కాస్త విశ్రాంతి దొరుకుతోందని తరువాత తెలిసింది.

బండ ఎంతకీ తెగలేదు. నాయన మాట్లాడటం తగ్గించాడు. పొద్దున్నే బావి అంచున కూర్చుని లోపలికి చూసేవాడు, సాయంత్రం లేచేవాడు. ఆ ముఖం చూడలేక నేను ఇంకా ఎక్కువ మాట్లాడాను. చివరికి ఆ తెల్లదొరను కూడా దించాను. చూసేవాడు లేనిదే వస్తువు లేదనీ, ఈ బండ మన మనసులో ఒక తలపు మాత్రమేననీ గట్టు మీదనుంచి ప్రకటించాను. గడ్డపారన్న అంతా విని, కళ్ళు గట్టిగా మూసుకుని, గడ్డపార ఎత్తి ఒక్క పోటు పొడిచాడు. నిప్పురవ్వలు లేచాయి. కళ్ళు మూసుకునే, "కండ్లు మూసినా తగులుతాందప్పా" అన్నాడు. తరువాత కళ్ళు తెరిచి, "నా మనసు మొద్దుది, అందుకే ఇంత గట్టి బండ పుట్టింది. నీది చదువుకున్న మనసు గదా, నువ్వు దిగితే మెత్తబడతాదేమో" అని గడ్డపార నావైపు చాచాడు. దిగక తప్పింది కాదు. పదిహేను పోట్లు పొడిచాను. తత్వశాస్త్ర చరిత్రకు నేను చేసిన సేవ అంతవరకే. బండ మీద ఒక తెల్లటి గీత, నా అరచేతుల్లో నాలుగు బొబ్బలు మిగిలాయి.

ఇంటికి వెళితే అమ్మ ఆముదం గిన్నె తెచ్చి, "నొప్పి యాడుందిరా?" అంది. ఓటమి ఒప్పుకోవడం ఇష్టం లేక, "నొప్పి చేతిలో ఉండదమ్మా, మనసులో ఉంటాది" అన్నాను. అమ్మ గిన్నె నా పక్కన పెట్టేసి లేచింది. "అయితే ఆముదం మనసుకు పూసుకో. నాకు ఎసరు పెట్టుకునే పనుండాది" అంది. ఆ రాత్రి బొబ్బలు చితికితే, అంతా మనసేనన్న ప్రపంచంలోని భావవాదులందరినీ తిట్టుకున్నాను.

నా సెలవులు ముగియడానికి వారం ముందు, ఒక సాయంత్రం నాయన తనే బావిలోకి దిగాడు. అడుగున బండ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు. పైకొచ్చి, దుమ్ము దులుపుకుని, "సాల్లే" అన్నాడు. అంతే. ఎవరూ నన్ను చూడలేదు, అందరూ కావాలనే చూడలేదు. ఆ నిశ్శబ్దంలో నోరు మూసుకుని ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది. కానీ ఏదో ఒకటి చెప్పి నాయనను ఓదార్చాలనిపించింది. నాకు ఓదార్చడం ఒకటే భాషలో వచ్చు. "నీళ్ళు లేవని అనుకోవద్దు నాయనా. నీళ్ళు ఉండాయి. మనకు కనపడలేదు, అంతే" అన్నాను.

మొదట నవ్వింది గడ్డపారన్న. ఆయన నవ్వి నవ్వి గట్టు మీద కూలబడ్డాడు. తరువాత పనివాళ్ళు నవ్వారు. రాత్రికల్లా ఊరంతా నవ్వింది. మర్నాటి నుంచి ఆ గొయ్యికి 'బీయే బావి' అని పేరు ఖాయమైపోయింది. ఇంట్లో కుండ ఖాళీ అయితే, "నీళ్ళుండాయిలే, నీకు కనపళ్ళేదు" అనేవారు. పెళ్ళిలో విస్తట్లో లడ్డు పడకపోతే, "ఉండాదప్పా, కనపళ్ళేదు" అనేవారు. నాయన ఒక్కడే నవ్వలేదు. నాతో ఏమీ అనలేదు కూడా. తిడితే బాగుండునని ఆ వారమంతా ఎదురుచూశాను. కాలేజీకి బయలుదేరే రోజు బస్సు దగ్గర నా పెట్టె పైకెత్తి, "బాగా చదువుకో" అన్నాడు. వెక్కిరింపేమోనని ముఖం వంక చూశాను, కాదు.

ఆ ఏడు కూడా వాన సరిగ్గా కురవలేదు. కార్తీకంలో, పంటకు ఎందుకూ పనికిరాని వేళ, ఒక తుఫాను వాన మాత్రం కురిసింది. గడ్డపారన్న నా హాస్టలుకు ఎవరిచేతో ఒక కార్డు రాయించాడు. 'మీ బావిలో నీళ్ళు పడినాయి. పైనుంచి' అని. నెల తిరక్కముందే అవీ ఇంకిపోయాయి. ఎద్దుల్ని అమ్మేశారు. అమ్మా నాయనా సుగ్గికి పోయారు. నేను చల్లని రాతిగదిలో కూర్చుని, దుఃఖానికి మూలం కోరికేనని బౌద్ధుల పాఠం రాసుకుంటున్నప్పుడు, మా నాయన ముక్కూ ముఖం తెలియనివాళ్ళ చేలో జొన్న కోస్తున్నాడు. అప్పుడు మాత్రం నాకు ఏ తత్వవేత్తా అక్కరకు రాలేదు. సిగ్గుతో తల దించుకుని ఏడ్చాను. లెక్చరరు పాఠం నన్ను కదిలించిందనుకుని మెచ్చుకోలుగా చూశాడు.

ఆ తరువాత నేను బీయే పాసయ్యాను. మూడవ తరగతిలో. విశ్వం మూలం తెలిసినవాడికి ఉద్యోగం దొరకడం కష్టమై, కొన్నాళ్ళు తిరిగి తిరిగి, చివరికి నీటిపారుదల ఆఫీసులో గుమాస్తానయ్యాను. నీళ్ళు లేని జిల్లాలో నీటిపారుదల ఆఫీసంటే ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఉన్నాయి, కనపడవు, అంతే. నా జీతం మొదలైన ఏడాదే నాయన మళ్ళీ ఎద్దుల్ని కొన్నాడు. బావి మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తకుండానే ఆయన కన్నుమూశాడు.

చాలా ఏళ్ళ తరువాత ఒక మధ్యాహ్నం మా ఆఫీసు క్వార్టర్సు వరండాలో అమ్మా నేనూ విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నాం. ఎప్పటినుంచో దాచుకున్న మాట బయటికి వచ్చింది. "నా మాట నమ్మి నాయన చెడిపోయినాడమ్మా" అన్నాను. అమ్మ ఒలవడం ఆపకుండానే నవ్వింది.

"నీ మాట నమ్మినాడని ఎవురు చెప్పినారురా నీకు?"

"మరి?"

"ఆ పొద్దే నేనడిగితి. తాత చూపించిన కాడ ఇడిసిపెట్టి పిల్లోని మాట ఇనేదేందని. అప్పుడన్నాడు. నీళ్ళుండేది తాతకూ తెల్దు, వానికీ తెల్దు, నాకూ తెల్దు. నీడ ఉండేది మాత్రం ముగ్గురికీ కనపడతాంది. కనపడేదాన్ని కొట్టేసి, ఉంటాదో లేదో తెలీనిదానికి పోతే రెండూ పోతాయి. వాడు చదువుకునేది ఆ నీడలోనే గదా, అది ఉండనీ అన్నాడు." చేతిలో గింజలు చేటలో పోసి, అమ్మ మళ్ళీ అంది. "నువ్వు గ్రీకాయప్ప గురించి చెప్తాంటే మీ నాయన ఇనిందేం లేదు. నీ మంచం తట్టు చూస్తాండె."

కంటికి కనిపించినదే ప్రమాణమన్నది చార్వాకుల మతం. పరీక్షలో దాని మీద నేను నాలుగు పేజీలు రాశాను, వచ్చిన మార్కులు చెప్పుకోదగ్గవి కావు. ఆ మతాన్ని నమ్మి, దానికోసం ఎద్దుల్ని పోగొట్టుకుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా సుగ్గికి పోయిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని నాకు తెలియలేదు. విశ్వమంతా వెదికి, ఎదురుగా బీడీ కాలుస్తూ కూర్చున్నవాణ్ణి మాత్రం చూడలేదు. ఉన్నాడు, నాకే కనపడలేదు.

మొన్న వేసవిలో ఒక పని మీద కంబదూరు వెళ్ళి, అటునుంచి ఆ చేనిదాకా నడిచాను. ఇప్పుడది మాది కాదు. గొయ్యి సగం పూడిపోయి, లోపల జిల్లేడు మొలిచింది. కానుగమాను మాత్రం ఇంటంత నీడ పరిచి ఉంది. కింద ఒకామె మేకలు తోలుకొచ్చి కూర్చుని ఉంది. ఎండలో వచ్చిన నన్ను చూసి కాస్త పక్కకు జరిగింది.

"ఆ గుంత ఏందమ్మా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"బీయే బావి సామీ. ఎవురో బాగా చదువుకున్నాయప్ప తవ్విచ్చినాడంట. నీళ్ళు పడకపోతే, ఉండాయి, మీకే కనపళ్ళేదు అన్నాడంట. మా అత్త చెప్పి చెప్పి నవ్వుతాండె."

"తరువాత ఏమైనాడు ఆయప్ప?"

"ఏమైతాడు? చదువుకున్నోడు గదా, యాడో ఉజ్జోగం చేసుకోని నీడపట్టున కూసోనింటాడు" అంది. మాను మొదలు మీద చెయ్యి వేసి, "వాళ్ళ నాయన మంచోడంట సామీ. దీన్ని కొట్టనీలేదంట. ఈ ఎండలకు ఇది లేకుంటే మేకలు యాడ నిలబడతాయి?" అంది.

 నా ముఖం చూసి ఎండ దెబ్బ తగిలిందనుకుందేమో, సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది. నాయన మిగిల్చిన నీడలో కూర్చుని తాగాను. పందొమ్మిదేళ్ళ వయసులో ఇదే చోట, గుండెల మీద పుస్తకంతో, అంతా నీళ్ళేనని ప్రకటించిన ఆ మహానుభావుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"ఏం సామీ, నవ్వుతాండావు?" అంది ఆమె.

"ఏం లేదమ్మా. నీళ్ళు బాగుండాయి" అన్నాను.